జియాలజీలో పీజీ: మన యూనివర్సిటీనా, ఐఐటీనా, విదేశమా?

ఏటా మార్చి దాటిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, జామ్‌లో ర్యాంకు వచ్చింది గానీ బాంబే రాదంట, ధన్‌బాద్ వస్తుందంట, అంత దూరం వెళ్లాలా, లేక ఇక్కడే చేరిపోవాలా?" అని ఒకరు (జామ్ అంటే ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్ల కోసం రాసే పరీక్ష), "కన్సల్టెన్సీ వాళ్లు అమెరికాలో ఎం.ఎస్. అయితే వెంటనే వస్తుందంటున్నారు, నిజమేనా?" అని ఇంకొకరు. ఇంజినీరింగ్ పిల్లలకు సలహా చెప్పేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. జియాలజీ చదివేవాళ్లు ఆ సబ్జెక్టు ఏంటో ఇంట్లోవాళ్లకే రెండుసార్లు చెప్పుకోవాలి, ఇక సలహా ఎవరినని అడుగుతారు? అందుకే ఫోన్లో విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్తాను, నా మాట ఎక్కడివరకు నమ్మాలో మీకు తెలియాలి కదా. డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్, జియాలజీ. ఎమ్మెస్సీ స్టేట్ యూనివర్సిటీలో. ఇప్పుడు భూగర్భ జలాల సర్వే పని, అంటే రెసిస్టివిటీ మీటరు (నేలలోకి కరెంటు పంపి కింద ఏముందో చూసే పరికరం) పట్టుకుని ఊళ్లు తిరగడం. నేను ఐఐటీలో చదవలేదు. దాని గురించి రాసేదంతా నాతో పనిచేసినవాళ్ల దగ్గర, అక్కడ చదివిన స్నేహితుల దగ్గర విన్నది.

కాలేజీ కంటే ముందు తేల్చుకోవాల్సింది

అందరూ "ఏది మంచి యూనివర్సిటీ?" అనే మొదలుపెడతారు. నేను ఎదురు అడిగేది ఒకటే: రెండేళ్ల తర్వాత ఏ పరీక్షకో, ఏ ఉద్యోగానికో దరఖాస్తు పెట్టాలనుకుంటున్నావు? దీనికి జవాబు ఉంటే సగం గందరగోళం అక్కడే తీరిపోతుంది.

జియాలజీ చదివినవాళ్లలో ఎక్కువమంది కళ్లు జీఎస్‌ఐ మీదే ఉంటాయి, అంటే 1851లో మొదలైన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. అందులోకి వెళ్లే దారి యూపీఎస్సీ పెట్టే కంబైన్డ్ జియో-సైంటిస్ట్ పరీక్ష. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. వయసు 21 నుంచి 32, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు. సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డులో సైంటిస్ట్ పోస్టులు కూడా ఇదే పరీక్షతో భర్తీ చేస్తారు. ఈ పరీక్షలో మీ ఎమ్మెస్సీ ఐఐటీదా, తిరుపతిదా అని ఎవరూ అడగరు. డిగ్రీ పేరు మాత్రం అడుగుతారు.

ఈ డిగ్రీ పేరు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నష్టపోయిన అమ్మాయి నాకు తెలుసు. మా జూనియరే. డిగ్రీలో జియాలజీ బాగా చదివేది. ఇంటి దగ్గర్లో ఉందని ఒక కాలేజీలో పర్యావరణం పేరుతో ఉన్న పీజీలో చేరింది. "రాళ్లూ నీళ్లూ కూడా ఉంటాయమ్మా, అంతా ఒకటే" అన్నారట అక్కడ. రెండేళ్లయ్యాక జియో-సైంటిస్ట్ నోటిఫికేషన్ తెరిచి చూస్తే, జియాలజిస్ట్ పోస్టుకు పనికొచ్చే డిగ్రీల జాబితాలో తన డిగ్రీ పేరు లేదు. సిలబస్‌లో సగం కలిసినా లాభం లేకపోయింది. ఆ జాబితాలో జియాలజీ, అప్లైడ్ జియాలజీ, మెరైన్ జియాలజీ, జియోకెమిస్ట్రీ లాంటివి పేరు పేరునా రాసి ఉంటాయి. గ్రౌండ్ వాటర్ బోర్డు పోస్టుకు ఉండే జాబితా దీనికంటే చిన్నది, జియోఫిజిసిస్ట్‌కు మళ్లీ వేరే. కాబట్టి ఎక్కడ సీటు వచ్చినా ఫీజు కట్టేముందు కిందటేడాది యూపీఎస్సీ నోటిఫికేషన్ డౌన్‌లోడ్ చేసుకుని, మీ సర్టిఫికెట్ మీద ఏ పేరు వస్తుందో ఆ పేరు అక్కడ అక్షరం పొల్లుపోకుండా ఉందో లేదో చూసుకోండి. పది నిమిషాల పని.

జీఎస్‌ఐ కాకుండా రీసెర్చ్ మీద మనసుంటే లెక్క మారుతుంది. అప్పుడు ల్యాబులు, గైడు, మీ పక్కన కూర్చునేవాళ్లు, ఇవన్నీ ముఖ్యమవుతాయి. అక్కడ ఐఐటీకి నిజమైన బలం ఉంది. అయితే జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, రావాలంటే రాయాల్సిన సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష అందరికీ ఒకటే, వస్తే నెలకు 37,000 ఫెలోషిప్ కూడా ఎక్కడ చదివినవాళ్లకైనా అంతే. గేట్‌లో జియాలజీ-జియోఫిజిక్స్ పేపరు కూడా అంతే, దాని స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎమ్మెస్సీ చిన్న చోట చేసినంత మాత్రాన ఈ తలుపులు మూసుకుపోవు.

మన దగ్గరి యూనివర్సిటీలు

వీటికి ప్రవేశ పరీక్ష ఏపీలో అయితే పీజీసెట్, తెలంగాణలో అయితే సీపీగెట్. రెండింటిలోనూ 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. డిగ్రీ పుస్తకాలు శ్రద్ధగా చదివినవాళ్లకు కష్టమేమీ కాదు. లోకల్, నాన్‌లోకల్ నిబంధనలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎవరికి వస్తుందన్నది మారుతూ ఉంటాయి, కాబట్టి సీనియర్ చెప్పిన మాట కాకుండా ఆ ఏడాది నోటిఫికేషనే చూడండి.

మన యూనివర్సిటీలను చిన్నచూపు చూసేవాళ్లంటే నాకు కష్టంగా ఉంటుంది. ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ విభాగం 1941 నాటిది, సి.వి.రామన్ దగ్గర పనిచేసిన సి.మహదేవన్ గారు మొదలుపెట్టింది. పక్కనే జియోఫిజిక్స్ ఉంది, వాతావరణం, సముద్ర శాస్త్రాల విభాగం ఉంది. ఉస్మానియాలో జియాలజీ, జియోఫిజిక్స్, అప్లైడ్ జియోకెమిస్ట్రీ మూడూ ఉన్నాయి. అదీగాక హైదరాబాద్‌లో ఉండటం అంటే భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, జీఎస్‌ఐ దక్షిణ ప్రాంత కార్యాలయం, జీఎస్‌ఐ శిక్షణ సంస్థ, అణు ఖనిజాల సంస్థ ఏఎండీ, సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్, ఇనుప ఖనిజం తవ్వే ఎన్‌ఎండీసీ, ఇవన్నీ సిటీ బస్సు దూరంలో ఉండటం. డిసర్టేషన్ (ఎమ్మెస్సీలో చేసే పరిశోధన ప్రాజెక్టు) చేయడానికి దేశంలో ఇన్ని సంస్థలు ఒక్క ఊళ్లో దొరికే చోట్లు చాలా తక్కువ. అలాగని అవి వాటంతట అవి దొరకవు, మూడో సెమిస్టర్‌లోనే మీరు వెళ్లి అడగాలి, డిపార్ట్‌మెంట్ నుంచి లెటర్ తీసుకోవాలి, రెండు మూడు సార్లు తిరగాలి.

ఇంకో మాట. జియాలజీలో క్యాంపస్ అంటే భవనాలు కాదు, చుట్టూ ఉన్న రాళ్లు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో చదివే పిల్లలు ఒక్క పూటలో ఘాట్ రోడ్డు ఎక్కి ఎపార్కియన్ అన్‌కన్‌ఫర్మిటీ, అంటే రెండు కాలాల రాళ్ల మధ్య ఉన్న విరామం, చూసి రావచ్చు. కింద ఆర్కియన్ గ్రానైట్, పైన దానికంటే కోట్ల ఏళ్ల తర్వాత పరుచుకున్న క్వార్ట్‌జైట్. దేశం నలుమూలల నుంచి జియాలజిస్టులు దానికోసమే వస్తారు. రోజూ వేలమంది భక్తులు బస్సు కిటికీలోంచి దాన్ని చూసుకుంటూనే కొండెక్కుతారు. కడపలో యోగి వేమన యూనివర్సిటీ అయితే పాత అవక్షేప శిలలు పరుచుకున్న కడప బేసిన్‌లోనే ఉంది. మంగంపేట బెరైటీస్ ఖనిజం, తుమ్మలపల్లె యురేనియం ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. విశాఖ వాళ్లకు ఖోండలైట్, చార్నకైట్ అనే పురాతన శిలల కొండలు, బొర్రా గుహలు, భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు. ఎమ్మెస్సీలో మా బ్యాచ్ మొదటి ఫీల్డ్‌లో మాస్టారు ఆ దిబ్బల దగ్గర గంటసేపు ఏమీ చెప్పకుండా కూర్చోబెట్టారు. "ఈ ఇసుక ఎవరు తెచ్చారు, గాలా, నీళ్లా? మీరే చూసి చెప్పండి" అన్నారు. గుప్పెట్లో పోసుకుని హ్యాండ్ లెన్స్‌తో చూస్తే రేణువుల మీద ఎర్రటి పూత కనిపించింది, ఆ మెరుపు ఇప్పటికీ గుర్తు.

లోపాలూ చెప్పాలి. చాలా చోట్ల రెగ్యులర్ ఫ్యాకల్టీ ఖాళీలు ఏళ్ల తరబడి నిండలేదు, గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్నారు. వాళ్లలో ప్రాణం పెట్టి చెప్పేవాళ్లు ఉన్నారు, కానీ జీతం సరిగ్గా రానివాళ్లు మీ డిసర్టేషన్ మీద ఎంతకాలం కూర్చోగలరు? మైక్రోస్కోపులు ఉంటాయి గానీ బల్బు పోయి ఉంటుంది. ఫీల్డ్‌కు బడ్జెట్ లేదని పదిహేను రోజుల ట్రిప్పును నాలుగు రోజులకు కుదిస్తారు. ఇవి ఒక యూనివర్సిటీ నుంచి ఇంకోదానికి, ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి మారిపోతాయి. అందుకే సీటు తీసుకునేముందు ఒకసారి వెళ్లి చూడమంటాను. ఏం చూడాలో కింద రాశాను.

జామ్ రాసి ఐఐటీకి

జామ్‌లో ఏడు పేపర్లుంటాయి, వాటిలో జియాలజీ ఒకటి. 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. మొదటి సెక్షన్‌లో 30 మామూలు ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, తప్పు రాస్తే కోత ఇక్కడ మాత్రమే. రెండో సెక్షన్‌లో ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నలు 10. మూడోదాంట్లో 20 ప్రశ్నలకు ఆప్షన్లే ఉండవు, లెక్క చేసి అంకె టైప్ చేయాలి. మన పిల్లలు దెబ్బతినేది ఈ చివరి రెండింట్లోనే.

డిగ్రీలో మనం జియాలజీని ఎస్సే ప్రశ్నలాగా చదువుతాం. "డిప్, స్ట్రైక్ నిర్వచించండి" అంటే పేజీ నింపేస్తాం (డిప్ అంటే రాతి పొర వాలిన కోణం, స్ట్రైక్ అంటే ఆ వాలుకు అడ్డంగా పొర సాగే దిశ). జామ్‌లో అడిగేది వేరు: చదునైన నేల మీద ఒక పొర, స్ట్రైక్‌కు అడ్డంగా కొలిస్తే 100 మీటర్ల వెడల్పున కనిపిస్తోంది, డిప్ 30 డిగ్రీలు, అసలు మందం ఎంత? వెడల్పును సైన్ 30తో గుణిస్తే 50 మీటర్లు, అంతే. కానీ ఆ బొమ్మ కళ్లముందు కనిపించాలి. నేల కూడా వాలుగా ఉంటే లెక్క మారుతుందని తట్టాలి. ఈ అలవాటు రావడానికి ఐదారు నెలలు పడుతుంది, రోజూ పాత పేపర్ల లెక్కలు చేస్తేనే. కోచింగ్ అక్కర్లేదు, పాత ప్రశ్నపత్రాలు ఉచితంగానే దొరుకుతాయి.

అర్హత దగ్గర ఒక మెలిక ఉంది. డిగ్రీలో జియాలజీ అన్ని సెమిస్టర్లలోనూ ఉండాలని, ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలని అడిగే ఐఐటీలున్నాయి. ఇంటర్‌లో బైపీసీ చేసి డిగ్రీలో జియాలజీ తీసుకున్నవాళ్లు పరీక్ష రాసి ర్యాంకు వచ్చాక కాదు, అప్లికేషన్ పెట్టేముందే ప్రతి కోర్సు అర్హతా విడిగా చదువుకోవాలి. ర్యాంకు వచ్చి సీటు రాని బాధ ఇంకోలా ఉంటుంది.

ఇక ఏ ఐఐటీ? ఇక్కడా నేను రాళ్లనే చూస్తాను. బాంబే అంటే దక్కన్ ట్రాప్స్ లావా రాళ్లు, రూర్కీ అంటే హిమాలయం, ధన్‌బాద్ అంటే ఝరియా బొగ్గు. 1926 నుంచి గనుల చదువు నడుస్తున్న చోటు అది. ఖరగ్‌పూర్‌లో జియాలజీ, జియోఫిజిక్స్ ఒకే విభాగంలో ఉన్నాయి. భువనేశ్వర్ మనకు దగ్గర, తూర్పు కనుమల రాళ్లే అక్కడా. మైనింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లు బాంబే రాలేదని ధన్‌బాద్‌ను తక్కువ చేసి చూడకండి. గనుల కంపెనీల్లో ఆ పేరుకు ఉన్న విలువ నేను పనిలో ఉండి చూశాను.

ఐఐటీలో నిజంగా దొరికేది ఏంటని అక్కడ చదివిన స్నేహితుణ్ణి అడిగాను. పాఠాల గురించి చెబుతాడనుకున్నా. "రాత్రి పదకొండింటికి కూడా ల్యాబులో ఎవరో ఒకరు ఉంటారు, అదే" అన్నాడు. రాయిలోని మూలకాలను కొలిచే యంత్రాలు క్యాంపస్‌లోనే ఉంటాయి, శాంపిల్ ఇంకో ఊరికి పంపి నెలల తరబడి ఎదురుచూడక్కర్లేదు. పక్క గదిలో పీహెచ్‌డీ చేసేవాళ్లు ఉంటారు. గేటు, నెట్టు, విదేశీ అప్లికేషన్లు, ఇవన్నీ అక్కడ అందరూ మాట్లాడుకునే మామూలు విషయాలు, కాబట్టి మీరు కూడా ఆ దారిలో పడిపోతారు. మన దగ్గర అదే పని ఒంటరిగా చేయాలి. తేడా అదే, అది చిన్న తేడా కాదు.

ఒక ఇబ్బంది కూడా చెప్పాడు. మొదటి సెమిస్టర్ మొత్తం ఇంగ్లిష్, హిందీ మధ్య నలిగిపోయాడట, క్లాసులో చేయి ఎత్తడానికే రెండు నెలలు పట్టిందట. తెలుగు మీడియం నుంచి వెళ్లేవాళ్లు దీనికి భయపడి సీటు వదులుకోవద్దు. రెండు నెలలే కదా.

సెంట్రల్ యూనివర్సిటీల గురించి క్లుప్తంగా. సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాస్తే బనారస్ హిందూ యూనివర్సిటీ, ఢిల్లీ, పాండిచ్చేరి లాంటివాటికి అప్లై చేయొచ్చు. ఒక ప్రశ్నకు 4 మార్కులు, తప్పుకు 1 కోత. ఫీజు తక్కువ, హాస్టల్ దొరుకుతుంది. పాండిచ్చేరిలో అప్లైడ్ జియాలజీ మన దక్షిణాది పిల్లలకు మంచి ఎంపిక. ఐఐటీ అందకుండా పోయి, ఊరు దాటాలని ఉన్నవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు.

జియాలజీనా, జియోఫిజిక్సా?

డిగ్రీలో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న వస్తుంది. లెక్కలు, కంప్యూటరు, సిగ్నళ్లు ఇష్టమైతే జియోఫిజిక్స్. రాయిని చేత్తో పట్టుకుని చూడటం ఇష్టమైతే జియాలజీ. ఉద్యోగాల లెక్క చూసుకుని ఇష్టం లేనిదాంట్లో చేరినవాళ్లు రెండో సెమిస్టర్‌కే అలిసిపోవడం చూశాను. జియోఫిజిసిస్ట్ పోస్టుకు ఎమ్మెస్సీ ఫిజిక్స్ వాళ్లు కూడా పోటీకి వస్తారని గుర్తుంచుకోండి. నాకు మాత్రం రెండూ కలిసే చోట పని దొరికింది. కింద ఏ రాయి ఉందో తెలియకుండా మీటరు చూపించే అంకెకు అర్థం చెప్పలేం, అందుకే జియాలజీ చేసి జియోఫిజిక్స్ నేర్చుకున్నందుకు సంతోషంగానే ఉన్నాను.

విదేశం

ఇక్కడ మూడు వేరువేరు దారులున్నాయి, కన్సల్టెన్సీలు మూడింటినీ ఒకే గాటన కట్టి చెప్తాయి.

మొదటిది అమెరికాలో థీసిస్‌తో ఎం.ఎస్. లేదా పీహెచ్‌డీ. జియాలజీలో, కంప్యూటర్ సైన్స్‌లా కాకుండా, ఫండింగ్ ఇచ్చి చేర్చుకునే పద్ధతి బాగా ఉంది. టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ వస్తే ట్యూషన్ ఫీజు మాఫీ అవుతుంది, నెలనెలా జీతం లాంటిది వస్తుంది, బదులుగా వారానికి ఇరవై గంటల దాకా కింది క్లాసుల ల్యాబులు చూసుకోవాలి. అయితే సీటు ఇచ్చేది ఆఫీసు కాదు, దాదాపుగా ఒక ప్రొఫెసర్. ఆ ప్రొఫెసర్‌కు మీ పేరు ముందే తెలిసి ఉండాలి. డిసెంబర్, జనవరిల్లో గడువు ఉంటే ఆగస్టు, సెప్టెంబర్‌లోనే ఈమెయిల్ రాయాలి.

ఆ ఈమెయిల్ గురించి రెండు ముక్కలు. నా దగ్గరికి ఒక అబ్బాయి తాను రాసింది తెచ్చాడు. "గౌరవనీయులైన సర్, మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయంలో" అని మొదలై, పేజీ నిండా మార్కులు, పతకాలు. నలభై మందికి పంపాడు, ఒక్కరూ జవాబివ్వలేదు. ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం, ఎనిమిది వాక్యాలు. కడప బేసిన్ సున్నపురాయి మీద తను చేసిన డిసర్టేషన్ గురించి రెండు వాక్యాలు, ఆ ప్రొఫెసర్ పేపర్లలో తను చదివిన ఒకదాంట్లో తనకు అర్థం కాని ఒక విషయం, వచ్చే ఏడాది విద్యార్థిని తీసుకుంటున్నారా అన్న ప్రశ్న, అంతే. పన్నెండు మందికి, ఒక్కొక్కరికి విడిగా రాశాడు. నలుగురు జవాబిచ్చారు. ఇద్దరు వీడియో కాల్‌లో మాట్లాడారు.

జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్షను చాలా డిపార్ట్‌మెంట్లు తీసేశాయి, ప్రతిదాని పేజీలోనూ చూసుకుని గానీ డబ్బు కట్టొద్దు. ఫండింగ్‌తో ఆఫర్ వస్తే ఏప్రిల్ 15 వరకు ఆలోచించుకునే హక్కు మీకుంటుంది, దీనిమీద అక్కడి యూనివర్సిటీల మధ్య ఒక ఒప్పందం ఉంది, సంతకం చేసినవన్నీ దాన్ని పాటిస్తాయి. మూడు రోజుల్లో చెప్పకపోతే పోతుందని ఎవరైనా తొందరపెడితే ముందు ఆ ఒప్పందం జాబితాలో వాళ్ల పేరుందో లేదో చూడండి.

మన మూడేళ్ల డిగ్రీతో ఒక చిక్కుంది. చాలా చోట్ల పదహారేళ్ల చదువు అడుగుతారు. దానికంటే పెద్ద చిక్కు, మన మూడు సబ్జెక్టుల బీఎస్సీలో జియాలజీ అందులో ఒకటి మాత్రమే. అక్కడి పిల్లలు నాలుగేళ్లూ జియాలజీయే చదివి, వారాల తరబడి ఫీల్డ్ క్యాంపు చేసి వస్తారు. కాబట్టి నా సలహా సూటిగా చెప్తాను: ఇక్కడ ఎమ్మెస్సీ చేసి, మంచి డిసర్టేషన్ రాసి, ఆ తర్వాత ఫండింగ్‌తో పీహెచ్‌డీకి వెళ్లండి. రెండేళ్లు ఆలస్యమైందని బాధపడక్కర్లేదు, ఆ రెండేళ్లే మీకు ఫండింగ్ తెచ్చిపెడతాయి.

రెండోది జర్మనీ. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటి బయటిదేశాల వాళ్లు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకింత చొప్పున మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో) ఏడాదికి సరిపడా డబ్బు చూపించాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. భారతీయులకు మన చదువు పత్రాలు సరైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి, దానికి టైం పడుతుంది, ముందే మొదలుపెట్టాలి. బ్రెమెన్‌లో మెరైన్ జియోసైన్సెస్ ఇంగ్లిష్‌లోనే చదవొచ్చు. ఫ్రైబెర్గ్‌లో 1765 నుంచి గనుల విద్య నడుస్తోంది. కానీ ఇక్కడా అదే అడ్డం: డిగ్రీలో జియాలజీ క్రెడిట్లు ఎన్నో లెక్కపెడతారు, మూడు సబ్జెక్టుల బీఎస్సీ వాళ్లకు చాలకపోవచ్చు.

మూడోది, సొంత డబ్బుతోనో లోన్‌తోనో బ్రిటన్‌లో ఏడాది మాస్టర్స్, లేదా ఇంకెక్కడో థీసిస్ లేని ఎం.ఎస్. పొలం తాకట్టు పెట్టి దీనికి వెళ్తామంటే నేను వద్దంటాను. సాఫ్ట్‌వేర్‌లో అప్పు తీర్చే లెక్క వేరు. మన రంగంలో మైనింగ్, చమురు ధరలు పడితే ఉద్యోగాలు ఒక్కసారిగా తగ్గిపోతాయి, అప్పు మీద వడ్డీ మాత్రం తగ్గదు. మా బంధువులబ్బాయి ఒకడు కన్సల్టెన్సీ మాట నమ్మి ఇలాగే వెళ్లాడు. వాడికి రాసిచ్చిన ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో చెప్పే లేఖ), వాడి రూమ్మేట్‌కు ఇచ్చిన ఎస్‌ఓపీ ఒకటే, పేరు మాత్రం మార్చారు. వాడు తిరిగొచ్చి ఇప్పుడు అప్పు కడుతున్నాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

చేరేముందు ఒక రోజు వెళ్లి చూడండి

మన దగ్గరి యూనివర్సిటీ అయినా, దూరం అయినా, వీలైతే వెళ్లండి, లేకపోతే అక్కడ ఇప్పుడు రెండో ఏడాది చదువుతున్నవాళ్లతో మాట్లాడండి. రెండేళ్లలో నిజంగా ఎన్ని రోజులు ఫీల్డ్‌కు వెళ్లారని అడగండి, సిలబస్‌లో ఎన్ని ఉన్నాయని కాదు. థిన్ సెక్షన్లు ఎవరు కోస్తారని అడగండి. ఇది చాలా చెబుతుంది. రాతి ముక్కను గాజు పలక మీద అంటించి 0.03 మిల్లీమీటర్లకు అరగదీయాలి, చేయి కాస్త బరువైతే రాయి మొత్తం పోతుంది. నేను పాడుచేసిన స్లైడ్లు ఎన్నో. చివరికి ఒక ఖోండలైట్ ముక్క నిలిచింది. మైక్రోస్కోపులో క్రాస్డ్ నికల్స్ (కాంతిని వడకట్టే రెండు ఫిల్టర్లు ఒకదానికొకటి అడ్డంగా) పెట్టి స్టేజీ తిప్పితే సిలిమనైట్ సూదులు రంగులు మారుతూ వెలిగాయి, గార్నెట్ మాత్రం ఎటు తిప్పినా నల్లగానే ఉండిపోయింది. పుస్తకంలో పదిసార్లు చదివిన వాక్యం అప్పుడు అర్థమైంది. పిల్లలే స్లైడ్లు తయారుచేసే డిపార్ట్‌మెంట్ అయితే పేరు చిన్నదైనా చేరండి. అద్దాల బీరువాలో పాత స్లైడ్లు పెట్టి తాళం వేసిన చోటైతే, పేరు పెద్దదైనా, ఇంకోసారి ఆలోచించండి.

అమ్మాయిల తల్లిదండ్రులు ఫీల్డ్ అంటే భయపడతారు. ఆ భయాన్ని కొట్టిపారేయకుండా, బస ఎక్కడ, వెంట లేడీ ఫ్యాకల్టీ వస్తారా, అని డిపార్ట్‌మెంట్‌లోనే అడిగించండి. సరైన జవాబు చెప్పే చోట నాన్నగారే సూట్‌కేసు సర్దుతారు. 2019లో నిబంధనలు మారి, భూగర్భ గనుల్లో సాంకేతిక, పర్యవేక్షణ పనుల్లో పగటి పూట ఆడవాళ్లను తీసుకోవడానికి వీలు కలిగింది. "గనుల్లోకి ఆడపిల్లను ఎవరు రానిస్తారు" అనే మాటకు ఇక కాలం చెల్లింది.

తేదీల విషయానికొస్తే ఇవి ఒకదానికొకటి అడ్డం రావు, కాబట్టి ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోకండి. జామ్‌కు అప్లికేషన్లు సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో, పరీక్ష ఫిబ్రవరిలో. సీయూఈటీ పీజీ మార్చిలో. మన రాష్ట్రాల సెట్లు ఆ తర్వాత, వేసవి నుంచి వర్షాకాలం మధ్య. జామ్ కోసం చదివింది మిగతా రెండింటికీ పనికొస్తుంది, తిరగేస్తే పనికిరాదు, అందుకే జామ్ సిలబస్ పట్టుకుని మొదలుపెట్టమంటాను.

ఇంతా విని "నువ్వైతే ఏం చేస్తావన్నా?" అని అడుగుతారు. ఇల్లు గడవడం కష్టంగా ఉండి, జీఎస్‌ఐయే లక్ష్యమైతే, ఫీల్డ్ బాగా జరిగే దగ్గరి యూనివర్సిటీలో చేరి మొదటి రోజు నుంచి యూపీఎస్సీ సిలబస్ పక్కన పెట్టుకుని చదువుతాను. రీసెర్చ్ చేయాలని ఉంటే, ఏ ఐఐటీ వచ్చినా వెళ్తాను, మెస్‌లో చపాతీ అలవాటు చేసుకుంటాను. విదేశం కావాలంటే ముందు ఇక్కడ ఎమ్మెస్సీ. ఈ మూడూ కాకుండా, ఇంకా ఏం కావాలో తెలియదంటే, సెలవుల్లో ఏదైనా యూనివర్సిటీ సీనియర్ల ఫీల్డ్ ట్రిప్పులో మూడు రోజులు వెంట వెళ్లొస్తామని హెడ్‌ను అడగండి. మా డిపార్ట్‌మెంట్‌లో అలా అడిగిన డిగ్రీ పిల్లలను ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లడం నేను చూశాను. నీళ్ల బాటిలు, టోపీ, ఒక నోటుబుక్కు చాలు, హ్యామర్ వాళ్లే ఇస్తారు.